ఏప్రిల్ ఆదాయం చూసి ఉద్యోగం మానేయొద్దు

ప్రశ్న: సార్, మాది చీమకుర్తి దగ్గర పల్లె. నాకు 29 ఏళ్ళు. గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజర్‌ని. చేతికి 18 వేలు వస్తుంది, ఈఎస్‌ఐ, పీఎఫ్ ఉన్నాయి. ఎడ్ల బండలాగుడు పోటీల మీద యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నాను. సబ్‌స్క్రైబర్లు 1.3 లక్షలు. ఏప్రిల్‌లో 41 వేలు వచ్చింది. పనికి వెళ్తూ పోటీలన్నిటికీ పోలేకపోతున్నాను. ఉద్యోగం మానేసి, తెలిసినాయన దగ్గర నూటికి 2 రూపాయల వడ్డీకి 3 లక్షలు, నా భార్య నగల మీద 2 లక్షలు తీసుకుని కెమెరా, డ్రోన్, సెకండ్ హ్యాండ్ కారు కొందామనుకుంటున్నాను. ఇంటి ఖర్చు నెలకు 24 వేలు, వీడియోల ఖర్చు 5 వేలు. బ్యాంకులో 40 వేలుంది. ఏడాది ఆదాయం, ఆడియన్స్ పేజీ స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను. మిగిలే డబ్బు మ్యూచువల్ ఫండ్‌లో పెట్టమంటారా, స్థలం కొనమంటారా?

జవాబు: మిగిలే డబ్బు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ అప్పు ఆపండి. వంటల ఛానళ్ళవాళ్ళు, రొయ్యల చెరువుల మీద వీడియోలు చేసేవాళ్ళు నాకు రాసినా ఇదే వరస. బాగా వచ్చిన ఒక్క నెలను జీతంగా లెక్కేసుకుని, దాని మీద అప్పు చేస్తారు. మీ ఉత్తరం పక్కన పెట్టకుండా జవాబు రాస్తున్నది అందుకే.

మీ స్క్రీన్‌షాట్ ప్రకారం జూన్ నుంచి మే దాకా మొత్తం 2,34,000 వచ్చింది. అందులో జనవరి నుంచి ఏప్రిల్ వరకు నాలుగు నెలలదే 1,44,000. మిగతా ఎనిమిది నెలలకు కలిపి 90 వేలు. సంక్రాంతికి పోటీలు మొదలై వేసవి తిరునాళ్ళ దాకా ఊరూరా జరుగుతాయి, మీ వీడియోలూ ఆడతాయి. వానలు పడి సేద్యం పనులు మొదలయ్యాక బండలూ ఉండవు, చూసేవాళ్ళూ ఉండరు. ఏడాది సగటు 19,500. మీ పెట్రోలు, ఎడిటింగ్ ఖర్చు 5 వేలు తీసేస్తే 14,500. ఇంటికి కావలసింది 24 వేలు.

జులై దగ్గర ఇంకొకటి గమనించారా? ఆ నెల 8 వేలు కనిపిస్తోంది కానీ ఆగస్టులో మీ ఖాతాలో ఏమీ పడి ఉండదు. యూట్యూబ్ సొమ్ము చెల్లించే గూగుల్ యాడ్‌సెన్స్‌ ఖాతాలో 100 డాలర్లు దాటితేనే ఆ సొమ్ము తర్వాతి నెల 21కీ 26కీ మధ్య పంపుతారు. 8 వేలు ఆ గీత దాటదు కాబట్టి ఆగస్టు నాటి 6,400 కూడా కలిశాక సెప్టెంబర్‌లో వచ్చి ఉంటుంది. సెప్టెంబర్‌లో సంపాదించింది 5,900. అంటే అక్టోబర్‌లో మళ్ళీ సున్నా. 3 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు, అసలు అలాగే ఉంటుంది. ఖాతాలో ఏమీ పడని ఆగస్టులో, అక్టోబర్‌లో ఆ తెలిసినాయనకు ఏమిస్తారు? జీతం కూడా ఉండదు. అప్పుడు ఇంకో చోట తెచ్చి కడతారు, లేదా ఫోన్‌లో లోన్ యాప్ తెరుస్తారు. ఆ తర్వాత మీ భార్య నగలు ఇంటికి రావు. ఆవిడకు ఈ సెప్టెంబర్ లెక్క చూపించారా? చూపించకుండా నగలు అడగడం న్యాయం కాదు.

ఇక 1.3 లక్షల మంది సంగతి. మీ ఆడియన్స్ పేజీలో సెప్టెంబర్‌లో తిరిగి వచ్చి చూసినవాళ్ళు 9 వేల మంది. మీ అసలు ప్రేక్షకులు వాళ్ళే. సబ్‌స్క్రైబర్లలో సగానికి పైగా ఒకే ఒక్క షార్ట్ వల్ల వచ్చారు. గిత్తల జత బండను లాగేసే ముప్పై సెకన్ల ముక్క చూసి బటన్ నొక్కినవాళ్ళు నలభై నిమిషాల సీనియర్స్ విభాగం వీడియోకు రారు. పైగా పెద్ద వీడియోల ప్రకటనల సొమ్ములో ఛానల్ నడిపేవారి వాటా 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం. మీరు రోజూ చూడాల్సింది సబ్‌స్క్రైబర్ల అంకె కాదు. తిరిగి వచ్చేవాళ్ళు నెలనెలా పెరుగుతున్నారా, వీడియో ఏ నిమిషం దగ్గర వదిలేస్తున్నారు, సెర్చ్ నుంచి వస్తున్నారా, యూట్యూబ్ తానే చూపించే సజెస్టెడ్ వీడియోల నుంచా, ఇవి చూడండి. గిత్తల మేపు, తర్ఫీదు, రెండు పళ్ళ జతను ఎలా ఎంచుకుంటారో రైతుల నోటే చెప్పించడం, ఇవన్నీ వానాకాలంలో చేయగల వీడియోలు. ఖర్చు పెట్రోలే. సెప్టెంబర్ ఆదాయం వరసగా రెండేళ్ళు 15 వేలు దాటితే ఉద్యోగం గురించి మాట్లాడుకుందాం.

ఛానల్ ఒక్కరోజులో ఆగిపోయే దారులూ ఉన్నాయి. పోటీ మైదానంలో మోగే డీజే పాటల మీద హక్కుదారు క్లెయిమ్ వేస్తే ఆ వీడియో సొమ్ము వాళ్ళకే పోవచ్చు. 90 రోజుల్లో మూడు కాపీరైట్ స్ట్రైకులు (ఇతరుల పాట, వీడియో అనుమతి లేకుండా వాడినందుకు యూట్యూబ్ వేసే హెచ్చరికలు) పడితే ఛానలే పోతుంది. ఎద్దుల్ని చర్నాకోలతో కొడుతున్న షాట్లుంటే ఆ వీడియోకు ప్రకటనలు తగ్గించే పసుపు డాలర్ గుర్తు పడే ప్రమాదం ఉంది. అవి ఎడిటింగ్‌లో తీసేయండి.

అందుకే మీకు కావలసింది కెమెరా కాదు, అత్యవసర నిధి. నెల జీతం వచ్చేవాళ్ళకు ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీలా నాలుగు నెలల పంట మీద బతకాలనుకునేవాళ్ళకు పూర్తి ఏడాది ఖర్చు ఉండాలి, అంటే 2,88,000. చీటీ పాటలో రాబోయే డబ్బు, ఎవరికో ఇచ్చిన చేబదులు ఇందులో లెక్కకు రావు. నెల ఖర్చుకు సరిపడా పొదుపు ఖాతాలో, మిగతాది బ్యాంకు ఎఫ్‌డీల్లో, 30 వేల చొప్పున విడివిడిగా వేయండి. ఒకటి విరిచినా మిగతావి కదలవు. జీతం, ఛానల్ కలిపి ఖర్చులు పోను సగటున నెలకు 8,500 మిగులుతోంది. ఉన్న 40 వేలతో కలిపితే రెండున్నరేళ్ళలోపే ఆ నిధి పూర్తవుతుంది. సీజన్‌లో వచ్చేదంతా ముందే ఎఫ్‌డీ చేసేయండి, మే నెలలో చేతిలో ఉంటే కరిగిపోతుంది.

ఉద్యోగం మానేస్తే జీతం ఒక్కటే పోదు. మీకు, మీ భార్యాబిడ్డలకు వైద్యం అందించే ఈఎస్‌ఐ పోతుంది. దానికి మీ జీతంలో కోసేది ముప్పావు శాతం మాత్రమే. పీఎఫ్‌తో పాటు ఉచితంగా వచ్చే 7 లక్షల దాకా బీమా కూడా ఉద్యోగంలో ఉన్నంత కాలమే.

50 లక్షల టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి, ప్రీమియం మీద ఇప్పుడు జీఎస్టీ కూడా లేదు. మ్యూచువల్ ఫండ్ నిధి నిండాక. స్థలం ఇప్పట్లో వద్దు. ఛానల్ ఆదాయాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో చూపించాలి, ఒంగోలులో ఆడిటర్‌ను కలవండి.

డ్రోన్ కావాలంటే పెద్ద పోటీల ఫైనల్ రోజుల్లో అద్దెకు మాట్లాడుకోండి. సెలవు పెట్టలేని రోజుల్లో వీడియో తీసే కుర్రాడికి రోజుకూలి ఇచ్చి పంపండి. సెప్టెంబర్ అయ్యాక ఆ నెల ఆదాయం, అప్పటికి ఎఫ్‌డీల్లో ఉన్న మొత్తం, రెండూ రాసి పంపండి.