వీణ పెట్టెకు దారిలో పెరిగిన బరువు

ప్రశ్న: మాది బొబ్బిలి. పుణేలో ఉంటున్న మా అమ్మాయికి గొల్లపల్లిలో చేయించిన వీణను ఇక్కడి ఒక ప్రైవేటు కొరియర్ కార్యాలయం ద్వారా పంపాను. వాళ్లే కాటా మీద పెట్టి 11 కిలోలని రసీదులో రాసి, పన్నుతో కలిపి కిలోకు 140 రూపాయల చొప్పున 1,540 రూపాయలు తీసుకున్నారు. వారం తర్వాత పుణేలో పెట్టె తెచ్చిన మనిషి, బరువు 52.5 కిలోలుగా తేలిందని, మరో 5,810 రూపాయలు కడితేనే పెట్టె ఇస్తానని అన్నాడు. వేరే దారి లేక మా అమ్మాయి యూపీఐలో కట్టింది. రసీదు వెనుక సన్నటి అక్షరాల్లో 'బరువును తిరిగి సరిచూసి తేడాను వసూలు చేసే హక్కు సంస్థకు ఉంది' అని ఉంది. ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవచ్చా? అందుకు పుణే వెళ్లాలా? రసీదు, పుణేలో ఇచ్చిన చీటీ, ఫోటోలు, మా అమ్మాయి ఆ రోజు వాళ్లకు పంపిన వాట్సాప్ సందేశం జతచేశాను.
– ఒక పాఠకుడు, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: రాబట్టుకోవచ్చు, పుణే వెళ్లనక్కరలేదు. అయితే 5,810 రూపాయలూ వస్తాయా, అందులో కొంతే వస్తుందా అన్నది రసీదు వెనుక ఉన్న సన్నటి అక్షరాల కన్నా, ముందు వైపు ఏం రాశారు, ఏం రాయకుండా వదిలేశారు అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ముందుగా ఆ 52.5 కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. పనస కర్రతో చేసిన వీణ దారిలో బరువెక్కదు. కొరియర్ సంస్థలు కాటా బరువుతో పాటు పెట్టె ఆక్రమించే చోటును కూడా బరువుగా లెక్కగట్టి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి చార్జీ వేస్తాయి; కౌంటర్లలో దీన్నే వాల్యూమ్ వెయిట్ అంటారు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి, వచ్చిన సంఖ్యను చాలా సంస్థలు 5,000తో భాగిస్తాయి. పుణే చీటీ మీద 142, 46, 40 అని మూడు అంకెలున్నాయి. వాటిని గుణిస్తే 2,61,280 వస్తుంది; దాన్ని 5,000తో భాగించి అరకిలో లెక్కకు పైకి సవరిస్తే సరిగ్గా 52.5 కిలోలు అవుతుంది. కానీ మీ అమ్మాయి అదే పెట్టె మీద టేపు పరచి తీసిన ఫోటోల్లో కనిపిస్తున్న కొలతలు 132, 42, 34. వాటి ప్రకారం లెక్క 38 కిలోలకు మించదు. అంటే వాళ్ల పద్ధతినే పూర్తిగా ఒప్పుకున్నా అదనం 27 కిలోలకు 3,780 రూపాయలే. మిగిలిన 2,030 రూపాయలకు వాళ్ల దగ్గర కూడా లెక్క ఉండదు. గోనె పట్టా ముడులతో సహా కొలిచారో ఏమో గానీ, వాళ్ల అంకెలు పెట్టెవి మాత్రం కావు.

ఇక ఆ 3,780 రూపాయల సంగతి. చోటును బట్టి చార్జీ వేయడం దానంతట అది చట్టవిరుద్ధం కాదు. దూది మూటకూ ఇనుప ముక్కకూ కాటా ఒక్కటే చాలంటే లారీ నడిపేవాడికి గిట్టదు. పైగా, పంపినవారు సంతకం చేసిన రసీదులోని షరతులు వారిని కట్టివేస్తాయని ఒక కొరియర్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు 1996లో చెప్పింది కనుక, ఎదుటి వకీలు మొదట చూపించేది ఆ తీర్పునే. అయితే అక్కడి వివాదం నష్టపరిహారానికి పెట్టిన పరిమితి గురించి. మీ రసీదులోని షరతు 'బరువును తిరిగి సరిచూడడం' గురించి మాత్రమే మాట్లాడుతోంది. కాటా బరువు బొబ్బిలిలోనూ పుణేలోనూ ఒకటే అయినప్పుడు సరిచూడడానికి తేడా అంటూ లేదు. ఘనపరిమాణం అన్న మాట మీ రసీదులో ఎక్కడా కనబడదు. రసీదు ముందు వైపు పొడవు, వెడల్పు, ఎత్తు రాయవలసిన మూడు గడులున్నాయి, ఆ మూడూ ఖాళీగా ఉన్నాయి. పెట్టె వాళ్ల కళ్లెదుటే ఉంది, అడిగితే కొలవడం నిమిషం పని. అలా కొలిచి చెప్పి ఉంటే మీరు వేరే చోట ధర అడిగేవారు, లేదా వీణను తెలిసినవారి వెంట రైలులో పంపేవారు. ఆ అవకాశం లేకుండా చేసి, సరుకు గమ్యం చేరాక అసలుకు మూడు రెట్లకు పైగా అదనంగా అడగడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపంగా గట్టిగా వాదించవచ్చు. షరతులో సందిగ్ధత ఉంటే దాన్ని రాసుకున్నవారికి వ్యతిరేకంగానే అర్థం చెప్పుకోవాలన్న సూత్రం కూడా మీ వైపే ఉంది.

'ఇష్టపడే కట్టారు కదా' అని సంస్థ తప్పక అంటుంది. దీనికి జవాబు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షనులోనే ఉంది. పొరపాటున గానీ, బలవంతం వల్ల గానీ చెల్లించిన సొమ్మును తీసుకున్నవారు తిరిగి ఇవ్వాలన్నది ఆ సెక్షను. దాని కింద చట్టమే ఇచ్చిన ఉదాహరణ మీ కథకు అద్దంలా ఉంటుంది. రైల్వే కంపెనీ ఒకటి అక్రమంగా అడిగిన రవాణా చార్జీ కడితే తప్ప సరుకు ఇవ్వనంటుంది. సరుకు అందవలసిన వ్యక్తి దాని కోసం ఆ మొత్తం కట్టేస్తాడు. అక్రమంగా ఎంత ఎక్కువ తీసుకున్నారో అంత మేరకు అతను తిరిగి రాబట్టుకోవచ్చు. నూట యాభై ఏళ్లు దాటినా గుమ్మంలో పెట్టె పట్టుకుని నిలబడి అడిగే పద్ధతి మారలేదు. ఈ ఉదాహరణను సంస్థకు పంపే నోటీసులో ఉన్నదున్నట్టు రాయండి. మీ అమ్మాయి ఆ రోజే శాఖ వాట్సాప్‌కు 'ఒప్పుకొని కట్టడం లేదు, పెట్టె ఇవ్వరని కడుతున్నాను' అని పంపిన సందేశం చాలా విలువైనది. ఫోను మార్చినా దాన్ని పోగొట్టుకోవద్దు.

ఫిర్యాదు విజయనగరంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. పాత చట్టంలో లేని వెసులుబాటు ఇది: ఫిర్యాదుదారు నివసించే చోటే వేసుకోవచ్చని 2019 చట్టం 34వ సెక్షను చెబుతోంది. మీ విషయంలో బుకింగు కూడా బొబ్బిలిలోనే జరిగింది కనుక 'వివాదాలన్నీ మా ప్రధాన కార్యాలయం ఉన్న ఊళ్లోనే' అన్న షరతు చూసి వెనుకాడవలసిన పని లేదు. సేవకు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు ఉండదు, వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. డబ్బు కట్టింది మీ అమ్మాయి, బుక్ చేసింది మీరు. సేవ వల్ల లబ్ధి పొందేవారు కూడా వినియోగదారులే అని చట్టం అంటున్నందున ఇద్దరి పేర్లతోనూ వేయండి. కూతురికి ఇచ్చిన కానుక కాబట్టి వాణిజ్య ప్రయోజనం అన్న అభ్యంతరం రాదు. ఒక జాగ్రత్త: కొందరు ఉత్సాహంగా బరువు సరిచూసే ఆ షరతునే 'అన్యాయమైన ఒప్పందం' అంటూ ఫిర్యాదు రాస్తారు. అటువంటి వివాదాలను వినే అధికారం విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు ఉంది, జిల్లా కమిషన్‌కు లేదు. మీరు సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న మాటల దగ్గరే ఆగండి.

ఇదే పెట్టెను పోస్టాఫీసులో పంపి ఉంటే నా సలహా ఇంత ధీమాగా ఉండేది కాదు. 2024 జూన్ 18న అమలులోకి వచ్చిన 2023 నాటి పోస్టాఫీసు చట్టం ప్రకారం, తపాలా శాఖ బాధ్యత నియమాల్లో చెప్పినంత మేరకే; కట్టని చార్జీని భూమి శిస్తు బకాయిలా వసూలు చేసే అధికారం కూడా దానికి ఉంది. ప్రైవేటు కొరియర్‌కు ఈ రెండూ లేవు.

ఇప్పుడు చేయవలసింది. పెట్టెను పాత సామాన్లవాడికి వేయవద్దని మీ అమ్మాయికి ఈ రోజే చెప్పండి. మడిచి మంచం కిందైనా ఉంచమనండి, ఎందుకంటే కొలతల వివాదంలో అసలు సాక్షి అదే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఆ తరువాత సంస్థ బొబ్బిలి శాఖకూ ప్రధాన కార్యాలయానికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. నోటీసులో ప్రధానంగా 5,810 రూపాయలు అడగండి. అది కాదన్న పక్షంలో కనీసం 2,030 రూపాయలు అని వేరుగా, కొలతల లెక్కతో సహా రాయండి. పదిహేను రోజుల గడువు చాలు. నా అనుభవంలో ఇలాంటి నోటీసులకు ముందుగా వచ్చేది ఆ రెండో మొత్తమే. మీ స్థానంలో ఉంటే నేను దానికి వెంటనే ఒప్పుకోను. ఖాళీగా వదిలిన మూడు గడుల ఫోటోను వెనక్కి పంపి, మిగిలిన దానిలో సగమైనా కలిపితే రాజీకి సిద్ధమని రాసి, గడువు తీరేదాకా ఆగుతాను. అప్పటికీ కదలకపోతే విజయనగరంలో ఫిర్యాదు వేస్తాను.