అయస్కాంతం అంటుకున్నంత మాత్రాన నకిలీ స్టీలు కాదు

అనంతపురంలో కొన్న స్టీలు డబ్బాకు అయస్కాంతం అంటుకుంటోందని, ఊరగాయ పెట్టాక అడుగున గోధుమరంగు చుక్కలు వచ్చాయని రాశారు. మోసపోయానని బాధపడకండి. అది బహుశా 430 రకం స్టీలు. అందులో 16 నుంచి 18 శాతం క్రోమియం ఉంటుంది, నికెల్ దాదాపు ఉండదు, అందుకే చవక. ఇండక్షన్ పొయ్యికి ఆ అయస్కాంత గుణమే కావాలి.

కానీ దానికి ఉప్పు పడదు. ఉప్పులోని క్లోరైడ్, స్టీలు తుప్పు పట్టకుండా దాని పైన కాపాడే సన్నని క్రోమియం ఆక్సైడ్ పొరను ఛేదించి చిన్న చిన్న గుంటలు చేస్తుంది. ఊరగాయను ఈరోజే జాడీలోకి మార్చండి. చుక్కలను వంటసోడా ముద్దతో, మెత్తని గుడ్డతో రుద్దండి; ఇనుప పీచు మాత్రం వద్దు. ఉప్పగా ఉండే బోరునీళ్లతో కడిగితే వెంటనే తుడిచేయండి. కొర్రలకో కందిపప్పుకో ఆ డబ్బా చక్కగా పనికొస్తుంది. బిల్లులో 304 అని, అంటే నికెల్ కలిసిన ఖరీదైన రకమని, రాసి ఉంటే మాత్రం దుకాణంలో తప్పక నిలదీయండి.