బయానా పుచ్చుకునే ముందు

చిరంజీవి బుజ్జికి మీ పెద్దత్త ఆశీస్సులు.

బందరు ఇల్లు అమ్మే సంగతి నువ్వే దగ్గరుండి తేలుస్తానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మీ నాన్న పోయాక ఆ మాట ఎత్తడానికి ఎవరికీ నోరు రాలేదు. నువ్వు ముందుకొచ్చావంటే గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టడం లేదు.

కాగితాల పని నీకు తెలిసిందే. ఈసీ, అదే ఇంటి మీద పాత అమ్మకాలూ తాకట్లూ చూపించే సర్టిఫికెట్, తీయించు, ఇంటిపన్ను బకాయి కట్టెయ్, తాతయ్య వారసులందరి పేర్లతో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెచ్చుకో. అమెరికాలో ఉన్న చిన్న బాబాయి పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి మన కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపాలి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు దానికి స్టాంపు వేయించాలి.

నా భయమల్లా బయానా గురించే.

మా అత్తగారింటి గొడవ నీకు సరిగ్గా తెలీదు, పిల్లల ముందు మేం మాట్లాడుకునేవాళ్ళం కాదు. అది మా మామగారు సొంత సంపాదనతో కట్టిన ఇల్లు. వీలునామా రాయకుండానే పోయారు. ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. మంచి బేరం వచ్చిందని మా పెద్ద బావగారు తమ్ముళ్ళకి ఒక మాట చెప్పి బయానా పుచ్చేసుకున్నారు. ఆడపడుచు ఊసే లేదు. పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చాం కదా, ఇంకా వాటా ఏమిటని ఆయన లెక్క. చట్టం లెక్క వేరు. వీలునామా లేకపోతే తండ్రి స్వార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా 1956 నుంచీ వాటా ఉంది. దస్తావేజు రాసే ఆయన చెబితే గానీ మావాళ్ళకి అది గుర్తు రాలేదు. అప్పుడైనా బావగారు వెళ్ళి అడగాల్సింది. రాసిపెట్టిన కాగితం ఒక కుర్రాడికిచ్చి, సంతకం పెట్టించుకు రమ్మన్నారు! ఆవిడ ఆవకాయ కలుపుతోందట. చెయ్యి కడుక్కుని వచ్చి కాగితమంతా చదివి, "ఎంతకి అమ్ముతున్నారు?" అని అడిగింది. ఆ కుర్రాడికేం తెలుసు? కాగితం అలాగే తిరిగొచ్చింది. దాని వెనకాలే వాటా పంచమని ఆవిడ పార్టిషన్ దావా, బేరగాడి నుంచి ఇంకో దావా. వాయిదాలకి తిరుగుతూనే బావగారు పోయారు. పట్టించుకునేవాళ్ళు లేక వంటింటి వైపు పెంకులు దిగిపోయాయి. చివరికి లోక్ అదాలత్‌లో రాజీపడ్డాం. కోర్టు ఫీజు వెనక్కొచ్చింది, అదొక్కటే లాభం. ఆ రోజు ఆడపడుచు నా పక్కన కూర్చుని, "వదినా, అన్నయ్య ఒక్కసారి ఇంటికొచ్చి అడిగుంటే రాసిచ్చేసేదాన్ని" అంది. నిజంగా రాసిచ్చేదో లేదో నాకు తెలీదు. కానీ ఆయన అడిగి చూడలేదు కదా.

అందుకే ముందు ఏజెంటు దగ్గరికి కాదు, మీ చిన్నత్త దగ్గరికి వెళ్ళు. ధర ఎంతో దాచకుండా చెప్పు. మొహమాటానికి వాటా వద్దంటే ఆ పళంగా వాటా వదులుకున్నట్టు రాయించుకునే రిలీజ్ డీడ్ ముందు పెట్టకు. కొన్నాళ్ళు ఆగి మళ్ళీ అడుగు.

ఆ ఇంట్లో ఉంటున్న బాబాయి అడ్డం తిరిగాడని కోపం తెచ్చుకోకు. ఇన్నేళ్ళూ పన్నూ రిపేర్లూ వాడే చూసుకున్నాడు. బిల్లులు లేకపోయినా ఒక లెక్క వేసి ముందు అది తీసివ్వండి. మీ వాటాలు తనే కొంటానంటే బయటి బేరం కన్నా కొంచెం తగ్గించైనా వాడికే ఇవ్వండి. విసిగిపోయి నీ వాటా ఒక్కటే బయటివాడికి అమ్మేస్తానన్నావట. ఇంకోసారి ఆ మాటంటే చెవి మెలేస్తాను! అలా కొన్నవాడికి ఉమ్మడి ఇంట్లో కాపురం పెట్టే హక్కు రాదు. పంపకానికి కోర్టుకెళితే, కోర్టు కట్టిన ధరకి ఆ వాటా మిగతావాళ్ళు కొనుక్కోవచ్చని 1893 నాటి పార్టిషన్ చట్టంలోనే ఉంది. ఇది తెలిసినవాడు నీకు సరైన ధర ఇస్తాడా?

డబ్బు ఎవరి వాటా వాళ్ళ ఖాతాలో పడాలి. నీ ఖాతాలో వేయించుకుని పంచుతానన్నావంటే, ఎంత నిజాయితీగా పంచినా మాట పడతావు నాన్నా.

ఇక నా వాటా. వదిన ఎలాగూ వదిలేస్తుందని మీ అమ్మ అందట. వదలను. మీ మామయ్య మందుల ఖర్చు నీకు తెలుసుగా. నా దగ్గరికి కూడా నువ్వే రావాలి, వాట్సాప్‌లో అడిగితే కుదరదు.

సామాన్ల జాబితా కూడా ఇప్పుడే రాసుకోండి, ఇంటికన్నా వాటి దగ్గరే ఎక్కువ అలుగుతారు. ఉయ్యాల బల్ల బాబాయికి వదిలెయ్యండి. ఇత్తడి గంగాళం మాత్రం నాది. అమ్మ నాకే ఇస్తానంది, కావాలంటే మీ చిన్నత్తని అడుగు. ఒప్పుకోదు, అయినా అడుగు.

మీ పెద్దత్త