చెత్తాటోలో ఎలాగూ కలిపేస్తున్నప్పుడు ఇంట్లో వేరు చేయడం దేనికి?

మీ ప్రశ్న ఇది: "తడి, పొడి వేరు చేసి రెండు డబ్బాల్లో ఇస్తున్నాం. ఆటో అతను రెండూ ఒకే చోట కుమ్మరిస్తున్నాడు. ఇక మేం వేరు చేసి లాభమేంటి? పర్యావరణాన్ని కాపాడాల్సింది మనమా, ప్రభుత్వమా?"

"చెరి సగం" అనే జవాబు వినడానికి బాగుంటుంది, పనికి మాత్రం రాదు. చెత్త ఎప్పుడు ఎవరి చేతిలో ఉందో చూసి బాధ్యత తేల్చాలి. వంటింట్లో వేరు చేయడానికి పైసా ఖర్చు లేదు. ఒకసారి కలిశాక వేరు చేయాలంటే జల్లెడలు, కన్వేయర్లు, మనుషులు కావాలి. ఇంతా చేసి సాంబారు అంటుకున్న అట్టపెట్టెను ఎవరూ కొనరు. అందుకే వేరు చేసే పని మీది. వేరు చేసిచ్చినదాన్ని చివరిదాకా వేరుగానే తీసుకెళ్లే పని మున్సిపాలిటీది. తిరిగి దేనికీ పనికిరాని చిప్స్ ప్యాకెట్‌లో సరుకు నింపి అమ్మిన కంపెనీకీ ఇందులో వాటా ఉంది.

ఇది నా సొంత పంపకం కాదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఇంటివాళ్లకి, స్థానిక సంస్థలకి, కంపెనీలకి విడివిడిగా పనులు అప్పజెప్పాయి. అప్పట్లో ఇంట్లో మూడు రకాలుగా వేరు చేయమన్నారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల్లో అవి నాలుగయ్యాయి: తడి, పొడి, శానిటరీ (డైపర్లు, ప్యాడ్లు), ప్రత్యేక జాగ్రత్త కావాల్సినవి (బల్బులు, మందులు, పెయింటు డబ్బాలు). రాజ్యాంగంలోనూ 48ఎ అధికరణం ప్రభుత్వానికి, 51ఎ(జి) పౌరుడికి పర్యావరణాన్ని కాపాడే పని చెప్తాయి. రెండూ 1976లో 42వ సవరణతో వచ్చినవే. కాకపోతే వాటిని పట్టుకుని వీధి చివర కుప్ప ఎత్తించలేం. అందుకు పనికొచ్చేవి నిబంధనలే. ఆంధ్రాలో 2021లో చెత్త పన్ను పెట్టి 2024 చివర్లో తీసేశారు. పన్ను పోయినా ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకెళ్లే బాధ్యత మున్సిపాలిటీకి పోలేదు.

కలిసిన చెత్త ఏమవుతుందో హైదరాబాద్ వాళ్లకి చెప్పక్కర్లేదు. జవహర్‌నగర్ డంప్‌యార్డు నుంచి కారిన నల్లటి ఊట మల్కారం చెరువును పాడుచేసింది. ప్లాస్టిక్‌లోంచి అంత ఊట కారదు. మన తొక్కలు, మిగిలిన అన్నం కుళ్లి, పైన వాన పడి కారేదే అది. కాల్చి కరెంటు తీద్దామన్నా తడి చెత్త సరిగ్గా మండదు, దానిలోని నీటిని ఆవిరి చేయడానికే బోలెడంత వేడి పోతుంది. కాబట్టి మీ చేతుల్లో ఉన్న అతి పెద్ద పని తడిని బయటికి పోనివ్వకపోవడం.

నలుగురున్న ఇంట్లో రోజుకి సుమారు కిలో తడి చెత్త వస్తుంది. దాన్ని ఇంట్లోనే ఎరువుగా మార్చడానికి 60 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు రెండు, మూతలతో సహా చాలు. చుట్టూ బెత్తెడు దూరానికొకటి చొప్పున 8 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయించండి, అడుగున ఓ ఎనిమిది. ఇటుకల మీద నిలబెట్టి కింద పళ్లెం పెట్టండి. అడుగున మూడంగుళాలు కొబ్బరి పీచు పరిచి, పైన గుప్పెడు పాత ఎరువు గానీ గ్లాసు పుల్ల మజ్జిగ గానీ వేస్తే పని త్వరగా మొదలవుతుంది.

ఆ తర్వాత రోజూ ఒక డబ్బా తడి చెత్తకి, అదే డబ్బాతో ఒకటి నుంచి ఒకటిన్నర ఎండుటాకులు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, ఆకులు తక్కువేస్తారు. వంటింటి చెత్తలో నత్రజని, నీరు ఎక్కువ, కర్బనం తక్కువ. ఆకులు కర్బనాన్నీ ఇస్తాయి, గాలి ఆడే సందులనీ ఇస్తాయి. మూడు రోజులకోసారి కర్రతో అడుగుదాకా కలపాలి. పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే తడి ఎక్కువైనట్టు, పొడిపొడిగా రాలితే నీళ్లు చిలకరించాలి.

మురుగు వాసన వస్తే లోపల గాలి లేదని అర్థం, కలిపి ఆకులేయండి. ముక్కు మండే ఘాటు వాసనైతే నత్రజని ఎక్కువైంది, దానికీ ఆకులే మందు. తెల్లటి లావు పురుగులు కనిపిస్తే కంగారు పడొద్దు. చాలావరకు అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే నల్ల ఈగ పిల్లలు, చెత్తను తినిపెడతాయి. చూడలేకపోతే గుప్పెడు వేపపిండి చల్లి, పైన రెండంగుళాల ఆకుల పొర కప్పండి. ఎముకలు, నూనె, పులుసు, కొబ్బరి చిప్పలు వద్దు. అరటాకులు, ములక్కాడ పిప్పి ముక్కలు చేసి వేయాలి, లేకపోతే చివర్లో జల్లెడలో అవే మిగులుతాయి.

మొదటి డ్రమ్ము సుమారు నెలకి నిండుతుంది. దాన్ని పక్కనపెట్టి రెండోది మొదలుపెడితే, అదీ నిండేసరికి మొదటిది మట్టి వాసనొస్తుంది, అంటే ఎరువు తయారైనట్టు. వానాకాలంలో ఇంకో పదిహేను రోజులు పడుతుంది. ఆ కాలంలో ఎండుటాకులు కూడా దొరకవు, అందుకే మాఘ ఫాల్గుణాల్లో రాలినప్పుడే గోనెసంచుల్లో తొక్కి దాచుకోవాలి. (ఆ ఆకుల్నే వీధిలో పోగేసి తగలబెట్టడం నిబంధనల ప్రకారం తప్పు. ఊడ్చినవాళ్లని ఆ సంచులు మీరే అడిగి తెచ్చుకోండి.)

నలభై ఫ్లాట్ల అపార్టుమెంటుకైతే లెక్క రోజుకి 40 కిలోలు. మీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ఇటుక తొట్లు ఐదు, గోడల్లో గాలి సందులతో. ఒక్కోటి పది పన్నెండు రోజుల్లో నిండుతుంది. రోజుకి 8 నుంచి 10 కిలోల ఎండుటాకులు కావాలి. అది ముందే చూసుకోకుండా లక్షలు పోసి యంత్రం కొంటే అది షెడ్డులో దుమ్ము పట్టడమే. ఇక 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీలు వీలైనంతవరకు తడి చెత్తను ఆవరణలోనే ఎరువు చేసుకోవాలని 2016లోనే చెప్పారు, వాళ్లు మున్సిపాలిటీని తిట్టే ముందు తమ సెల్లారు చూసుకోవాలి.

ఇప్పుడు ఆటో సంగతి. తడి డ్రమ్ములోకి పోయాక మీ దగ్గర మిగిలేది పొడి. కడిగి ఆరబెడితే అది నెలైనా వాసన రాదు. పాల ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించి పారేయకండి, గాటు మాత్రం పెట్టండి. ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరలేరు, కాలవలోకే పోతుంది. ఖాళీ ప్యాకెట్‌ను నీళ్లతో తిప్పి పంపు మీద బోర్లిస్తే, తుక్కు కొట్టువాడు కిలో లెక్కన కొంటాడు. ఆటోకి చేరేవి ఇక చిప్స్ ప్యాకెట్లు, కాగితంలో చుట్టిన శానిటరీ చెత్త. కలిపినా పెద్దగా పాడయ్యేది ఉండదు.

డ్రైవర్‌తో గొడవ పడకండి. బండిలో మధ్య పలక ఊడిపోయి ఉంటుంది, లేదా ఆటోల చెత్తను పెద్ద బండ్లలోకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో ఒకే కంటైనర్ ఉంటుంది. వేరుగా తెచ్చినా అతనికి పోయడానికి రెండో చోటు లేదు. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. "ఎందుకు కలుపుతున్నారు?" అని రాస్తే జవాబు రాదు, ఆ చట్టం కింద ఇచ్చేది రికార్డులే. ఇలా అడగండి: ఫలానా వార్డు, ఫలానా నంబరు బండి, గత నెలలో కాటా మీద తూచిన తడి చెత్త ఎంత, పొడి ఎంత, కాటా చీటీల నకళ్లు, స్టేషన్‌లో తడికి కేటాయించిన కంటైనర్ల సంఖ్య, ఆ తడి చెత్త వెళ్లిన ఎరువు కేంద్రం పేరు. జవాబుకి గడువు 30 రోజులు. విడివిడి తూకాలు లేవని రాసిస్తే, ఆ కాగితం, బండి నంబరు కనిపించే ఫొటో రెండూ కలిపి సోమవారం అధికారులు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి రసీదు తీసుకోండి.