లివర్ జబ్బని పప్పు మాన్పించకండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మావారికి 52 ఏళ్లు, బరువు 60 కిలోలు. తాగుడు వల్ల సిరోసిస్ (లివర్ గట్టిపడే జబ్బు) వచ్చింది. మందు మానేసి ఆరు నెలలైంది. ప్రొటీన్ తింటే అమోనియా పెరిగి మగతలోకి పోతారని బంధువులు భయపెడితే పప్పు, గుడ్డు, పాలు ఆపేసి జావే ఇస్తున్నాను. లివర్‌ని శుభ్రం చేస్తాయంటే అమైనో ఆమ్లాలు, బి విటమిన్లు ఉన్న క్యాప్సూల్స్ తెప్పించాం. వాడొచ్చా?
– పేరు వద్దన్న సోదరి, భీమవరం

జవాబు: అమ్మా, ముందు ఈ పూటే ఆయనకు పప్పన్నం పెట్టండి. మీ బంధువులు చెప్పినదాన్నే ఒకప్పుడు డాక్టర్లూ చెప్పేవారు. ప్రొటీన్‌లోని ముక్కలైన అమైనో ఆమ్లాలు విరిగితే అమోనియా పుడుతుంది, లివర్ దాన్ని యూరియాగా మార్చి మూత్రంలోకి పంపిస్తుంది. లివర్ గట్టిపడ్డాక ఆ పని మందగిస్తుంది. అప్పుడు అమోనియాను చాలావరకు పట్టుకునేది ఒంట్లోని కండే. తిండి ఆపితే ముందు కరిగిపోయేదీ అదే. ఇలాగే జావ మీద ఉన్న ఒకాయన్ని పోయిన నెల తీసుకొచ్చారు. కణతలు గుంటలు పడ్డాయి. చేతులు చాచమంటే రెక్కల్లా కొట్టుకున్నాయి, అమోనియా మెదడుకెక్కిందనడానికి అది గుర్తు. ఆయన భార్య ఎంత శ్రద్ధగా పథ్యం చేయించిందో తలచుకుంటే నాకిప్పటికీ బాధే.

మీవారికి రోజుకు 70 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి. గుడ్డుకు ఆరు గ్రాములే వస్తుంది. అందుకే పప్పు, పెరుగు, పెసలు, గుడ్డు కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టండి. పడుకోబోయే ముందు రెండు ఇడ్లీలు, గ్లాసు పాలు తప్పనిసరి. రాత్రికి సరిపడా పిండిపదార్థం ఆ లివర్‌లో నిల్వ ఉండదు, తెల్లారేలోపు ఒళ్లు కండనే కరిగించుకుంటుంది. మలబద్ధకం రానివ్వకండి. పగలు నిద్ర, రాత్రి మెలకువ మొదలైనా, మాట తికమకపడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక విటమిన్లు. తాగేవాళ్లలో బి1, ఫోలిక్ ఆమ్లం తగ్గడం మామూలే. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల్లో అమెరికాలో తయారుచేసిన బృందానికి పెద్ద, మీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. లివర్ చాలా విషాలను విరిచేది గ్లూటాథయోన్ అనే పదార్థంతో. దానికి కావలసిన సిస్టీన్ అనే అమైనో ఆమ్లం, మిథియోనిన్ అనే మరో అమైనో ఆమ్లం నుంచి తయారవ్వాలంటే బి6 ఉండాలి, వాడిన మిథియోనిన్ తిరిగి రావాలంటే ఫోలిక్ ఆమ్లం, బి12 ఉండాలి. లోటు తేలితే మీ డాక్టర్ రాసిన మాత్ర చాలు. నియాసిన్ (బి3) మోతాదు మించితే లివర్‌నే దెబ్బతీస్తుంది, బి6 మోతాదు మించి నెలల తరబడి వాడితే నరాలు పాడై కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ సీసా మీ డాక్టర్‌కు చూపించేదాకా మూత తీయకండి.

అన్నట్టు, బి కాంప్లెక్స్ వేసుకున్నాక మూత్రం చిక్కటి పసుపులో వస్తే కామెర్లు తిరగబెట్టాయని టెన్షన్ పడొద్దు. అది బి2 రంగు. కళ్లు చూడండి, తెల్లగుడ్డు పచ్చబడితే మాత్రం ఆగొద్దు.