మైళ్లు మురిగిపోక ముందే

పోయిన సంచికలో విమాన టికెట్ల గురించి రాస్తూ చివర్లో "మీ అకౌంట్లో మైళ్లు ఏమైనా ఉన్నాయేమో చూసుకోండి" అని ఒక్క ముక్క రాశాను. మైళ్లంటే విమానం ఎక్కినప్పుడు ఆ సంస్థ తన మెంబర్ల అకౌంట్లో వేసే పాయింట్లు, వాటితో మళ్లీ టికెట్ తీయొచ్చు. వ్యాసం మొత్తానికి రాని ఉత్తరాలు ఆ ఒక్క ముక్కకు వచ్చాయి. చూసుకున్నవాళ్లకి మైళ్లు కనబడ్డాయి, పక్కనే గడువు తేదీ కూడా కనబడింది, ఇంక టెన్షన్ మొదలు. వచ్చినవాటిలో ఐదు ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. మావారూ నేనూ దుబాయ్ మీదుగా ఎమిరేట్స్‌లో చాలాసార్లు వెళ్లొచ్చాం. నా పేరున 52 వేల మైళ్లు ఉన్నాయట, అందులో 31 వేలు జూన్ నెలాఖరుకి పోతాయని మెయిల్ వచ్చింది. నేను పుట్టింది కార్తీకమాసంలో, వాళ్లేమో మీ పుట్టిన నెల అంటూ జూన్ అంటున్నారు. ఇప్పట్లో మాకు ప్రయాణం లేదు. పోయేవాటితో ఒక సూట్‌కేసు కొనేద్దామంటాడు మావాడు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ముందు ఆ జూన్ సంగతి తేల్చేద్దామమ్మా. ఎమిరేట్స్ వాళ్ల మైళ్ల పథకం స్కైవర్డ్స్‌లో మైళ్లకు మూడేళ్ల ఆయుష్షు, ఆ మూడో ఏడు మీ పుట్టిన నెల చివరి రోజుతో సరి. అయితే వాళ్లకు తెలిసిన పుట్టినరోజు పాస్‌పోర్టులో ఉన్నదే. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వయసు సరిపెట్టడానికి ఏదో ఒక తేదీ వేసేశారు, అదే సర్టిఫికెట్టుకీ, పాస్‌పోర్టుకీ, ఇప్పుడు మైళ్లకీ ఎక్కింది. మా ఇంట్లో ముగ్గురు జులై 1న పుట్టారు, కాగితాల మీద. కాబట్టి మీ గడువు జూన్ నెలాఖరే, కార్తీకం దాకా ఆగితే ఆ 31 వేలూ మిగలవు.

ఇక సూట్‌కేసు. వద్దు. ఎందుకంటే లెక్క చూడండి, ఇవి అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలే. టికెట్ నగదుకి కొంటే 24 వేల రూపాయలు, మైళ్లతో తీస్తే 30 వేల మైళ్లూ పైన పన్నుల కింద 6 వేల రూపాయలూ అనుకుందాం. మీకు మిగిలింది 18 వేలు, దాన్ని 30 వేల మైళ్లతో భాగిస్తే మైలుకి 60 పైసలు వచ్చినట్టు. అదే 30 వేల మైళ్లకి బజార్లో 6 వేలకు దొరికే సూట్‌కేసు ఇస్తే మైలుకి 20 పైసలు. వస్తువులకూ, గిఫ్ట్ కార్డులకూ మైళ్లు వాడితే దాదాపు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. పైగా మీ ఇంట్లో అటక మీద ఇప్పటికే నాలుగు సూట్‌కేసులు ఉండే ఉంటాయి, అమెరికా వెళ్లొచ్చిన ఇల్లు కదా.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. గడువు లోపల చేయాల్సింది టికెట్ తీయడం మాత్రమే, ప్రయాణం తర్వాత ఎప్పుడో ఉన్నా ఫర్వాలేదు. విమాన సంస్థలు సుమారు 11 నెలల ముందు నుంచే సీట్లు తెరుస్తాయి కనుక వచ్చే వేసవికి వెళ్లే ఆలోచన ఉంటే జూన్‌లోనే కూర్చుని తీయొచ్చు. 31 వేలతో డాలస్ దాకా చూస్తే నిరాశే, హైదరాబాద్–దుబాయ్ లాంటి దగ్గర ప్రయాణానికి చూడండి. ఇవే మైళ్లు ఫ్లైదుబాయ్‌లో కూడా చెల్లుతాయి. మీరే వెళ్లాలన్న నియమమూ లేదు, దుబాయ్‌లో పనున్న మేనల్లుడికి తీసిపెట్టి, పన్నుల డబ్బు మాత్రం అతని దగ్గర మొహమాటం లేకుండా తీసుకోండి. ఎవరికీ ప్రయాణం లేకపోతే మీ అబ్బాయి తన తర్వాతి టికెట్‌ను నగదుకి కొనేటప్పుడే మీ అకౌంట్లోంచి కొన్ని మైళ్లు కలిపి ధర తగ్గించుకునే వీలుంది. దాన్ని క్యాష్ ప్లస్ మైల్స్ అంటారు. మైలుకి అంత గొప్ప విలువ రాదు కానీ సూట్‌కేసు కంటే నయం. అప్‌గ్రేడ్, అంటే మైళ్లతో పై తరగతి సీటు, అని ఆశపడేవాళ్లకి ఒక మాట: బాగా చవగ్గా కొన్న టికెట్ మీద అప్‌గ్రేడ్ ఇవ్వరు, కొనేముందే ఫేర్ రకం చూసుకోవాలి.

ఒక్క జాగ్రత్త. గడువు దాటాక ఆ టికెట్ రద్దు చేసుకుంటే, అప్పటికే తీరిపోయిన మైళ్లు వెనక్కి వస్తాయన్న భరోసా లేదు. అందుకని వెళ్తామో వెళ్లమో తేలని ప్రయాణానికి తీయకండి. పన్నులూ, సంస్థ సొంతంగా వేసే చార్జీలూ మైళ్లతో పోవు, కార్డు మీద కట్టాల్సిందే. చివరి పేజీ దాకా వెళ్లి మొత్తం ఎంతవుతోందో చూడకుండా ఉచితం అనుకోవద్దు.

ఈ పనులన్నీ ఆఖరి రోజుకి పెట్టుకోకండి, నా అనుభవంతో చెబుతున్నా. ఒక సంస్థలో నావి 22 వేల మైళ్లుండేవి, పెళ్లిరోజుకి వాడదామని దాచుకుంటూ వచ్చాను. గడువు రోజు రాత్రి 11 గంటలకు లాగిన్ అవ్వబోతే ఓటీపీ ఎప్పుడో వదిలేసిన నంబరుకి వెళ్లింది. హెల్ప్‌లైన్ వాళ్లు పాట వినిపిస్తూ ఉన్నారు, గంట 12 కొట్టింది, పొద్దున లేచి చూస్తే సున్నా. ఇరవై ఏళ్లు టికెట్ల కౌంటర్లో కూర్చుని పదిమందికి చెప్పినవాణ్ణి, మా ఆవిడ ఇప్పటికీ ఆ మాట అంటూనే ఉంటుంది. మీ అకౌంట్లో ఫోన్ నంబరూ మెయిలూ ఎవరివో ఇవాళే చూడండి.

ప్రశ్న: మా నాన్నగారు, అమ్మ రెండుసార్లు న్యూజెర్సీ వచ్చి వెళ్లారు. ప్రతిసారీ వాళ్ల మెంబర్‌షిప్ నంబర్లు ఇచ్చే టికెట్లు తీశాను. అమ్మకి మైళ్లు పడ్డాయి, నాన్నకి ఒక్కటీ పడలేదు. ఎందుకని?
— ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: మీ నాన్నగారి పాస్‌పోర్టు తీసి సర్‌నేమ్ గడి చూడండి. ఖాళీగా ఉందా? మనలో ఇలాంటివాళ్లు బోలెడుమంది, ఇంటిపేరు, పేరు, చివర్న రావో రెడ్డో అంతా కలిపి ఒకే గడిలో ఉంటుంది. అమెరికా వీసాలో పేరు ఉండాల్సిన చోట ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. టికెట్ సైట్లు ఖాళీ గడిని ఒప్పుకోవు కదా, తీసేవాళ్లు ఒకసారి అదే పేరు రెండు గడుల్లోనూ కొడతారు, ఇంకోసారి ఎఫ్ఎన్‌యూ అని కొడతారు. మెంబర్‌షిప్ మాత్రం ఎప్పుడో ఇంటిపేరు పొడి అక్షరంతో తెరిచి ఉంటారు. మనకు ముగ్గురూ ఒక్క మనిషే, కంప్యూటర్‌కి ముగ్గురు వేరువేరు మనుషులు. పేరు కలవకపోతే మైళ్లు పడవు, పడలేదని ఎవరూ చెప్పరు.

ముందు మెంబర్‌షిప్‌లో పేరుని పాస్‌పోర్టు కాపీ పంపి సరిచేయించండి. ఆ తర్వాత మిస్సింగ్ మైల్స్ అనే చోటికి వెళ్లి అడగాలి. ఈ వరస తిరగేస్తే పాత పేరు మీద మళ్లీ తిరస్కరిస్తారు. అడగడానికి కావాల్సింది 13 అంకెల టికెట్ నంబరు, మెసేజ్‌లో వచ్చే ఆరు అక్షరాల పీఎన్ఆర్ కాదు. ఎమిరేట్స్‌కీ, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కీ అయితే ప్రయాణం చేసిన 6 నెలల్లోపు అడగాలి. గడువు దాటిన ప్రయాణం సంగతి ఇంక వదిలేయండి, ఈ మధ్యది అయితే ఇవాళే పంపండి. బోర్డింగ్ పాసులు పుస్తకంలో పెట్టి దాస్తారు పెద్దవాళ్లు, కానీ ఆ కాగితం మీద అచ్చు కొన్ని నెలలకే తెల్లబడిపోతుంది. దిగగానే ఫోన్‌తో ఫోటో తీసి పంపమనండి. ఇంకోటి, ఒక ప్రయాణానికి మైళ్లు ఒక్క చోటే పడతాయి. ఎయిరిండియాలో ఎక్కి యునైటెడ్ నంబరు ఇచ్చారంటే అవి యునైటెడ్‌లోనే పడతాయి, మళ్లీ ఎయిరిండియాలో అడగడానికి ఉండదు.

ప్రశ్న: నాకు క్లబ్ విస్తారాలో పాయింట్లుండేవి. ఇప్పుడు ఆ విమానాలే లేవు. పాయింట్లు పోయినట్టేనా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పోలేదు. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిరిండియాలో కలిసింది, పాయింట్లు కూడా అటే వెళ్లాయి. అక్కడి ప్రోగ్రామ్ పేరు ఇప్పుడు మహారాజా క్లబ్, అంతకుముందు ఫ్లయింగ్ రిటర్న్స్ అనేవారు. విస్తారాలో ఇచ్చిన మెయిల్‌తోనే లాగిన్ అయి చూడండి. మీకు రెండు చోట్లా అకౌంట్లు ఉండి ఉంటే రెండూ ఒకటయ్యాయో లేదో కూడా చూసుకోవాలి. ఇక్కడ నియమం తేలికైనదే, 24 నెలల్లో ఒక్కసారి ఎయిరిండియా ఎక్కితే పాయింట్లు బతికే ఉంటాయి. ఢిల్లీ పని ఎలాగూ పడుతుంది కదా, ఆ ఒక్కసారి ఇందులో వెళ్లండి.

ప్రశ్న: నాకు ఖతార్ ఎయిర్‌వేస్‌లో 9 వేల ఏవియోస్ (వాళ్ల మైళ్ల పేరు), అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో 14 వేల మైళ్లు, యునైటెడ్‌లో 6 వేలు ఉన్నాయి. అన్నీ చిల్లరే. అన్నింటికీ మూడేళ్ల గడువేనా? పోగొట్టుకోకుండా ఏదైనా చిట్కా ఉందా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: గడువుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి పాల ప్యాకెట్ లాంటిది, మధ్యలో ఎన్ని మైళ్లు వేసినా తీసినా తేదీ మారదు. ఎమిరేట్స్, సింగపూర్ ఈ రకం. డబ్బు కడితే పొడిగించే సంస్థలున్నాయి, సింగపూర్ వాళ్లయితే ఒకసారి 6 నెలలు పొడిగిస్తారు, ప్రతి 10 వేల మైళ్లకు 12 డాలర్లో 1,200 మైళ్లో తీసుకుని. రెండోది బావిలో నీళ్లలాంటిది, తోడుతూ ఉంటే ఊరుతూ ఉంటుంది, కదలిక లేకుండా వదిలేస్తేనే పోతుంది. మీ ఖతార్, అమెరికన్ మైళ్లు ఈ రెండో జాతివే. ఖతార్‌లో 36 నెలలు, అమెరికన్‌లో 24 నెలలు ఏ కదలికా లేకపోతే పోతాయి. కొన్ని సంపాదించినా సరే, కొన్ని ఖర్చు పెట్టినా సరే, లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మీ క్రెడిట్ కార్డుకి ఆ వీలుంటే దాని పాయింట్లు చిన్న మొత్తంలో అటు పంపినా చాలు. కానీ మొత్తం పంపేయకండి, కార్డు నుంచి విమానానికి వెళ్లినవి మళ్లీ వెనక్కి రావు.

ఖతార్ 2022 నుంచి ఏవియోస్‌లోకి మారింది, బ్రిటిష్ ఎయిర్‌వేస్‌వీ ఏవియోసే. రెండు అకౌంట్లనూ కలుపుకుంటే ఒకటికి ఒకటి చొప్పున అటూ ఇటూ మార్చుకోవచ్చు, చిల్లర ఒక చోటికి చేరుతుంది. రెండిట్లోనూ పేరూ, పుట్టినతేదీ ఒకేలా ఉండాలి, పైన న్యూజెర్సీ కథ మళ్లీ రాకుండా.

యునైటెడ్‌లో 2019 నుంచి గడువే లేదు, డెల్టాలోనూ లేదు. అలాగని పదేళ్లు దాచుకోమని కాదు. ఇన్ని మైళ్లకు ఈ టికెట్ అని అచ్చేసిన పట్టిక ఆ రెండు సంస్థలూ ఎత్తేశాయి, ఇవాళ ఒక రేటు, రేపు ఒక రేటు. ఎక్స్‌పైరీ లేని మైలు కూడా బీరువాలో దాచిన పాత నోటు లాంటిదే, ఉంటుంది కానీ దాంతో కొనగలిగేది తగ్గుతూ ఉంటుంది. యునైటెడ్, ఎయిరిండియా రెండూ స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలోవి కాబట్టి ఇంకొంచెం పోగయ్యాక ఆ మైళ్లతో ఎయిరిండియా టికెట్ కూడా తీయొచ్చు.

ప్రశ్న: పోయే మైళ్లను కొంటామని వాట్సాప్‌లో ఒకతను పెట్టాడు. నా 80 వేలకు మంచి రేటే చెప్పాడు, లాగిన్ వివరాలు ఇస్తే వెంటనే డబ్బు వేస్తానంటున్నాడు. ఎలాగూ పోయేవే కదా, ఇవ్వనా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఇవ్వకండి. మైళ్లు బయటివాళ్లకి అమ్మడం, వాళ్ల దగ్గర కొనడం దాదాపు అన్ని పెద్ద ప్రోగ్రామ్‌ల నిబంధనల్లోనూ నిషేధమే, పట్టుకుంటే అకౌంటే మూసేస్తారు, పోయే 80 వేలతో పాటు పోనివీ పోతాయి. వాటితో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి టికెట్ తీస్తే ఆ మనిషి ప్రయాణం రికార్డు మీ అకౌంట్లో ఉంటుంది. ఇక లాగిన్ వివరాలంటే మీ పాస్‌పోర్టు నంబరు, పుట్టినతేదీ, కొన్ని సైట్లలో కార్డు వివరాలు కూడా. అతను డబ్బు వేసినా వేయకపోయినా మీరు ఎవరికి ఫిర్యాదు చేస్తారు? మీ ఇంట్లోనో చుట్టాల్లోనో ఈ ఏడాది ఎవరు విమానం ఎక్కుతున్నారో అడిగి, వాళ్ల టికెట్ మీరే మీ చేత్తో తీయండి. ఆ వాట్సాప్ వ్యక్తికి ఇప్పటికే పాస్‌వర్డ్ చెప్పేసి ఉంటే, ఈ పేజీ పక్కన పెట్టి ముందు అది మార్చండి.