30/70 ఇన్సులిన్ వాడుతున్న అమ్మకు మధ్యాహ్నం చెమటలు.. మానేయాలా?

ప్రశ్న: మా అమ్మ వయసు 62. ఆరు నెలలుగా 30/70 ఇన్సులిన్ సీసా వాడుతోంది. పొద్దున 20, రాత్రి 12 యూనిట్లు. పరగడుపున షుగర్ ఒక్కోరోజు 130, ఒక్కోరోజు 220 ఉంటోంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. భయపడి ఇన్సులిన్ మానేస్తానంటోంది. ఏం చేయాలి?
- ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

సలహా: అమ్మగారి భయం నాకు అర్థమైంది. కానీ ఇన్సులిన్‌ను సొంతంగా మాననివ్వకండి. మీరు చెప్పినవి షుగర్ పడిపోయే లక్షణాలు. ఈ మందులో రెండు రకాలున్నాయి. 30 శాతం త్వరగా పనిచేసేది, 70 శాతం నెమ్మదిగా, ఎక్కువసేపు పనిచేసేది. పొద్దున వేసుకున్న నెమ్మది రకం నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య బాగా పనిచేస్తుంది. అంటే మధ్యాహ్నానికి మందు జోరుమీద ఉంటుంది, కడుపు ఖాళీగా ఉంటుంది. ఇంట్లో అందరూ తిన్నాక తిందామనుకునే తల్లులకు ఇది నేను పదేపదే చెబుతుంటాను: భోజనం ఆలస్యం చేయకూడదు. ఒక్కపొద్దులు ఉండాలనుకుంటే ముందే డాక్టర్‌ను అడగాలి.

వణుకు వచ్చినప్పుడు వీలైతే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వండి. మీటర్ దగ్గర లేకపోతే దాని కోసం ఆగకుండా చక్కెర ఇచ్చేయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఇక షుగర్ ఒకరోజు 130, మరోరోజు 220 ఎందుకు? సీసా కదలకుండా ఉంటే తెల్లటి మందు అడుగున పేరుకుంటుంది. కలపకుండా తీస్తే ఒక్కోరోజు ఒక్కో పాళ్లలో వస్తుంది. అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేసి, పాలలా ఒకేలా అయ్యాకే తీయాలి. గట్టిగా కుదపకూడదు. కలిపాక కూడా గడ్డలు కనిపిస్తే ఆ సీసా పారేయండి.

సిరంజి కూడా చూడండి. మన దగ్గర సీసాలు ఎక్కువగా ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూతది 100 యూనిట్ల మందుకు. దానితో 40 మందును 20 గీత వరకు తీస్తే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. తిరగేస్తే, అంటే 100 యూనిట్లదైన ఇన్సులిన్ పెన్ను మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే, రెండున్నర రెట్లు ఎక్కువ వెళ్తుంది. ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లోనే చిన్న లెక్క చూసుకోవచ్చు. 10 మిల్లీలీటర్ల సీసాలో 400 యూనిట్లుంటాయి. రోజుకు 32 చొప్పున అది దాదాపు 12 రోజులు రావాలి. నెలంతా వస్తోందంటే మోతాదు సరిగా వెళ్లడం లేదన్నట్టే.

భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి (కొత్త రకాలకు ఆ వ్యవధి తక్కువ, చీటీలో చూడండి). పొట్ట మీద రోజూ ఒకేచోట పొడిస్తే అక్కడ చర్మం కింద గడ్డకట్టి మందు సరిగా ఇంకదు. చోటు మార్చండి. సీసాను ఫ్రీజర్‌లో పెట్టకండి. ఫ్రిజ్ లేకపోతే ఎండ తగలని చోట మట్టికుండలో ఉంచండి.

పొద్దున 220 ఉందని రాత్రి మోతాదు పెంచకండి. మూడు రోజులు తెల్లవారుజామున మూడింటికి, పరగడుపున, మధ్యాహ్న భోజనానికి ముందు, రాత్రి భోజనానికి ముందు షుగర్ చూసి రాసుకోండి. ఆ కాగితం, సీసా, సిరంజి మూడూ తీసుకుని ఈ వారమే మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పొద్దుటి మోతాదు తగ్గించాలా అన్నది ఆయన అవి చూసి చెబుతారు. కిడ్నీ పరీక్ష ఈ ఏడాది చేయించకపోతే అదీ అడగండి. కిడ్నీలు బలహీనపడితే ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది.